తెల్లకోటలో వేపపూత

కనుమకు కాపలా కాసే ఇనుపగద్ద రెక్కల చప్పుడు మళ్ళీ నెత్తి మీద వినిపించగానే సారంగుడు భుజాన ఉన్న కావడిని దబ్బున కింద పెట్టి, పక్కనే ఉన్న బండ నెర్రెలోకి పాములా దూరాడు. మరుక్షణం ఆ పక్షి కత్తుల్లాంటి గోళ్ళతో బండను గీరింది. నిప్పురవ్వలు లేచాయి. దాని ముక్కు నెర్రెలోకి చొచ్చుకు వచ్చి అతని తలపాగా కొసను పట్టుకుంది. ఇంకొక్క గుంజు గుంజితే తలపాగాతో పాటు తల కూడా పోయేదే. సారంగుడు చెయ్యి చాచి, కావడి కుండలోంచి గుప్పెడు పొడిసున్నం తీసి దాని కళ్ళలో కొట్టాడు.

గద్ద పెట్టిన కేకకు కనుమ అంతా దద్దరిల్లింది. చూపు పోయి గుడ్డిగా పైకెగిరి, ఎదుటి కొండచరియను ఢీకొని, రెక్కలు విరిగి లోయలోకి జారిపోయింది. బండ నుంచి బండకు తగులుతూ అది పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు. చీమ చిటుక్కుమనలేదు. గాలి కూడా లేదు.

సారంగుడు నెర్రెలోంచి బయటికి వచ్చి, మోకాళ్ళ మీది నెత్తురు తుడుచుకుని, కావడి మళ్ళీ భుజానికెత్తుకుని కొండకొమ్ము ఎక్కాడు. ఎదురుగా తెల్లకోట కనిపించింది.

కొండల నడుమ పళ్ళెంలాంటి బయలు. ఆ బయలులో గడ్డిపరక లేదు, చెట్టు లేదు, నీటిచుక్క లేదు. నడిమధ్యన ఆకాశాన్ని ఒరుసుకుంటూ బురుజులు, బురుజుల మీద బురుజులు, వాటిని చుట్టుకుని ఏడు ఏనుగులు ఒకదాని మీద ఒకటి నిలబడ్డా అందని ప్రాకారం, అన్నీ ఒకటే తెలుపు. ఆ గోడలకు నీడలు లేవు. సూర్యుడు ఎటున్నా ఆ కోట ఒకేలా వెలుగుతూ ఉంటుంది. దాన్ని చూస్తున్నకొద్దీ కళ్ళు మండి, ఇది పొద్దుటి పూటో సాయంత్రమో, ఎండాకాలమో చలికాలమో మనిషికి తెలియకుండా పోతుంది. మాంత్రికుడు శుష్కనేత్రుడు కోరుకున్నది సరిగ్గా అదే.

ఏ మనిషికైనా చైత్రం వస్తే ఒక ఏడు మీద పడుతుంది. ఆ చైత్రాన్ని పట్టి బంధించినవాడికి మాత్రం కొత్త ఏడాది పుట్టదు. ఏడాది పుట్టకపోతే ముసలితనం రాదు, చావు రాదు. ఏళ్ళ తరబడి తపస్సు చేసి ఈ రహస్యాన్ని గ్రహించిన శుష్కనేత్రుడు కుముదావతీ రాజ్యం మీద పడి, అక్కడి వసంత ఋతువును వేళ్ళతో సహా పెకలించి తెచ్చి, తన కోటలో ఒక స్ఫటికపు గోడ వెనక దాచేశాడు. అప్పటినుంచీ కుముదావతిలో శిశిరం ముగిసిన మర్నాడే నిప్పులు చెరిగే ఎండలు మొదలవుతాయి. ఆకు రాల్చిన చెట్టు మళ్ళీ చిగిర్చదు. తేనెటీగలు ఎటో పోయాయి. తరంగిణీ నది ఇసుకై పోయింది. పసిపిల్లలు పువ్వు అంటే గుడ్డ మీద అద్దకం అనుకుంటున్నారు.

"నా స్ఫటికపు గోడ మీద వసంతాన్ని ఉన్నది ఉన్నట్టు గీసినవాడికి ఆ గోడ దారి ఇస్తుంది. గీయలేనివాడు నిలబడ్డచోటనే రాయి అవుతాడు" అని మాంత్రికుడు దూతల చేత చాటింపు వేయించాడు. కుముదావతీ ప్రభువు మణికంధరుడు ఆస్థాన చిత్రకారులను ఒకరి తర్వాత ఒకరిని పంపాడు. మేళతాళాలతో వెళ్ళినవాడు ఒక్కడూ తిరిగి రాలేదు. చివరికి సారంగుడి గురువు వర్ణనాథుడు కూడా వెళ్ళి, తిరిగి రాలేదు. రాజ్యం మొత్తానికి కుంచె పట్టేవాడు సారంగుడొక్కడే మిగిలాడు.

అతని చేతి మీద అతనికి నమ్మకం లేదు. అందుకే రాజుగారితో చెప్పలేదు. మేళం వద్దు, వీడ్కోలు వద్దు. మురికి పంచె కట్టి, కావడికుండలకు సున్నం నింపి, రంగుపొట్లాలు సున్నం అడుగున దాచి, సున్నాలవాడి వేషంలో బయల్దేరాడు. తెల్లకోటకు రోజూ వెల్ల వేసే మనిషి కావాలని, వేసేవాడు ఎక్కువకాలం బతకడని, కనుమ కింది ఊళ్ళలో చెప్పుకుంటారు. ముందు లోపలికి పోయి ఆ గోడను కళ్ళారా చూడాలి, గీయడం సంగతి తర్వాత అనుకున్నాడు. ఊరు దాటుతున్నప్పుడు అతన్ని ఎక్కడికని అడిగినవారు లేరు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

కోటగుమ్మం దగ్గర కొండరాయి ఒకటి కదిలింది. దానికి కళ్ళు, కోరలు, జడలు కట్టిన జుట్టు ఉన్నాయని దగ్గరికి వెళితే గాని తెలియలేదు. అది కావలి కాసే రాక్షసి గుహోదరి. ఒక్క చేత్తో సారంగుణ్ణి కావడితో సహా గాలిలోకి ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"సున్నం వాసనేస్తన్నావు. మింగితే గొంతు మండుద్ది. ఎవురివిరా నువ్వు?"

"సున్నాలోణ్ణమ్మా. కోటకి వెల్లెయ్యటానికొచ్చాను."

రాక్షసి చెయ్యి ఆగిపోయింది. "ఏంటన్నావు?"

"వెల్ల వెయ్యటానికి..."

"అది కాదురా. దానికి ముందు."

"అమ్మా అన్నాను."

గుహోదరి కాసేపు అతనికేసి గుడ్లప్పగించి చూసింది. కోటకు వచ్చినవాళ్ళంతా ఆమెను చూసి కేకలు పెట్టినవాళ్ళే, కత్తి దూసినవాళ్ళే. ఆమె అతన్ని నేల మీద దించి, ఒరిగిన కావడిని తనే సరిచేసి, "ఎదవ కుండలు, సగం ఒలికిపోయినయ్యి" అని గొణుక్కుంటూ తలుపు తీసింది.

లోపల శుష్కనేత్రుడు ఎదురయ్యాడు. సన్నగా, పొడుగ్గా, ఎండిన తాటిమట్టలా ఉన్నాడు. కళ్ళకు రెప్పలు లేవు. ఎప్పుడూ తడి తగలని ఆ కళ్ళు గాజుగోళీల్లా కదిలాయి.

"సున్నాలవాడివా? మంచిది" అన్నాడు మెత్తగా. "నా కోటలో మరక ఉండరాదు. చీమ నడిచిన జాడ కూడా ఉండరాదు. ఎక్కడైనా మరక కనబడిందా, నీ చర్మం ఒలిచి ఆ చోట అంటిస్తాను. పని మొదలుపెట్టు."

"చిత్తం ప్రభూ" అన్నాడు సారంగుడు తల వంచుకుని.

అతను లోపలి ముంగిట్లోకి అడుగు పెట్టాడు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా స్ఫటికపు గోడ. దాని ముందు రాతి మనుషులు. ఒకడు కుంచె ముంచుతూ రాయి అయ్యాడు. ఒకడు వెనక్కి తగ్గి తన బొమ్మను తృప్తిగా చూసుకుంటూ, ఆ తృప్తి మొహం మీద ఉండగానే రాయి అయ్యాడు. ప్రతివాడి ఎదుటా గోడ మీద వెలిసిపోయిన బొమ్మ ఉంది. చిగురుమావి కొమ్మ మీద కోయిల, చెరకువిల్లు పట్టిన మన్మథుడు, పూలపొదలో చెలికత్తెలు. అందరి మధ్యన, కుడిచెయ్యి ఎత్తి నిలబడి ఉన్నాడు వర్ణనాథుడు.

సారంగుడు గురువు పాదాల దగ్గర కూలబడబోయి, మాంత్రికుడి చూపు గుర్తొచ్చి, చేతిలోని వెల్లకుంచెను గట్టిగా పట్టుకుని నిలదొక్కుకున్నాడు. గురువు గీసిన కోయిల మీద ప్రతి ఈక విడివిడిగా కనిపిస్తోంది. అంత గొప్ప కోయిలను సారంగుడు జన్మలో గీయలేడు. ఆయన పక్కన కూర్చునే ఆ కోయిలను నేర్చుకున్నాడు. తనకు తెలిసిన వసంతం కూడా అదే. ఆ కోయిల, ఆ మావికొమ్మ. దానికే గోడ తెరుచుకోకపోతే ఇక తన దగ్గర ఏముంది?

ఆ రోజు నుంచి అతని బతుకు తెల్లగా సాగింది. పొద్దున్నే సున్నం కలపడం, నిచ్చెన ఎక్కడం, గోడకు కొట్టడం. నిన్న కొట్టిన గోడకే ఇవాళ మళ్ళీ కొట్టడం. మాట్లాడే మనిషి లేడు. మాట్లాడితే ఆ గోడలు మాటను మింగేసేవి. ముంగిట్లో పనిచేసేటప్పుడు గురువుకు వినబడుతుందేమోనని లోగొంతుకతో ఊరి కబుర్లు చెప్పేవాడు. రాయి పలికేది కాదు. కొన్నాళ్ళకు తన గొంతు తనకే కొత్తగా అనిపించి, అదీ మానేశాడు.

రహస్యంగా స్ఫటికపు గోడ ముందు నిలబడి కళ్ళు మూసుకుని వసంతాన్ని తలుచుకునేవాడు. గురువుగారి కోయిలే వచ్చేది. ఇంకా గట్టిగా తలుచుకుంటే మన్మథుడు వచ్చేవాడు, ఎవరో కవిగారు సభలో చదివిన సమాసాలు వచ్చేవి. చెయ్యి కదిలేది కాదు. గోడ వెనక ఏదో పచ్చని మసక, నీటి అడుగున నాచులా మెల్లగా ఊగేది.

మధ్యాహ్నం పూట మాత్రం గుమ్మం దగ్గరికి పోయి అటుకులు నానబెట్టుకు తినేవాడు. గుహోదరి గడపకు అవతల కూర్చుని ఎండిన దున్నమాంసం కొరుక్కునేది. చాలారోజులు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆమె ఎముక విసిరేసి, "ఒరే సున్నాలోడా, కొండకవతల ఎట్టా ఉంటదిరా?" అని అడిగింది.

"పెద్ద రాజ్యమమ్మా. ఏడంతస్తుల మేడలు. రాజుగారి పట్టపుటేనుగు..."

"ఆపరా!" రాక్షసి ఆవలించింది. "వొచ్చిన పతోడూ మేడలూ ఏనుగులే చెప్పాడు, పాణం పోయేముందు కూడా. ఈ గుమ్మం వొదిలితే రాయైపోతానని సాపం నాకు. దొర ఎప్పుడు పెట్టాడో కూడా గేపకం లేదు. నేనెటూ ఆ ఏనుగును సూడబోను. నువ్వు పొద్దున లేచి ఏం సూసేవోడివో అది చెప్పు."

సారంగుడు అటుకుల ముంత కింద పెట్టాడు. పొద్దున లేచి ఏం చూసేవాడు? ఇంతవరకూ ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు. గీయడానికి పనికొచ్చేది వెతికాడు గాని, చూసినదాన్ని వెతకలేదు.

"మాది అద్దకపు పని చేసే ఇల్లమ్మా" అని మొదలుపెట్టాడు. "మా అమ్మ బట్టలకి రంగులేసేది. వానాకాలంలో ఏటి ఇసక మీద బట్టలారేస్తే, మబ్బెప్పుడు పడుతుందో తెలీదు. చినుకు పడగానే వాడంతా పరుగే. ఓసారి ఎర్రబట్ట ఒకటి అక్కడే మర్చిపోయాం. వానకి దాని రంగంతా దిగి, ఇసకలో సన్నగా ఎర్రకాలవ పారింది. మా అమ్మ తిడుతూ తిడుతూనే నన్ను పిలిచి చూపించింది, చూడరా ఎంత బాగుందో అని."

"ఆ తరవాత?"

"వానలు తగ్గాక గుమ్మడిపాదు మీద సాలీళ్ళు గూళ్ళు అల్లేవి. తెల్లారి లేచేసరికి మంచుబొట్లు పట్టి ఒక్కో గూడూ జల్లెడలా మెరిసేది. నేను దాన్ని పుల్లతో కొట్టేవాణ్ణి."

"ఎదవా!"

"చిన్నతనమమ్మా" అంటూ సారంగుడు నవ్వాడు. కోటలో అడుగుపెట్టాక నవ్వడం అదే మొదలు. "చలికాలంలో రంగుతొట్టి మీద ఆవిరి లేచేది. అమ్మ చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఆ నీలి చేతులతోనే నా చెవులు పట్టుకుని వెచ్చబెట్టేది. తర్వాత ఆకులు రాలే కాలం. దూసరతీగతో కట్టిన చీపురుతో ఎండాకులు పోగేసి నీళ్ళు కాచేది. ఆ పొగ అదో వాసన. ఆ తర్వాత... ఎండాకాలం."

"మద్దిలో ఒకటుండాలి గదంటరా? దాన్నేగా నా దొర లోపలెట్టి కూకుంది?"

మధ్యలో ఒకటి ఉండేది. దాన్ని అతను మీసం రాకముందు చూశాడు. ఆఖరిసారి చూస్తున్నానని తెలియదు, అందుకని ప్రత్యేకంగా చూడలేదు. పెరట్లో అమ్మ అటు తిరిగి వంగుని ఉంది. తడిరంగు పూసిన బట్ట నేల మీద పరిచి ఉంది. మంజిష్ఠ ఎరుపు. రాత్రి గాలికి వేపపువ్వు రాలి ఆ బట్టనిండా అంటుకుని ఉంది.

"పాడైపోయిందే అనుకున్నాం" అన్నాడు మెల్లగా, రాక్షసితో కాక తనతోనే మాట్లాడుకుంటున్నట్టు. "అమ్మ బట్ట దులిపింది. పువ్వులున్నచోటల్లా రంగు పట్టక, చిన్నచిన్న తెల్లచుక్కలు పడ్డాయి. ఒక వరసా లేదు, పద్ధతీ లేదు. సంతలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అమ్మే కట్టుకుంది. ఇంత మంచి అద్దకం నేనెప్పుడూ వెయ్యలేదురా అంది. ఆ ఎండల్లోనే జ్వరమొచ్చి పోయింది. ఆ చీరతోనే..."

గుహోదరి తిండి మానేసి కూర్చుంది.

"ఆ చుక్కలెట్టా ఉంటయ్యో గియ్యి" అంది చివరికి.

సారంగుడు గడప దగ్గర నేల మీద తడిసున్నం పూసి, చిటికెన వేలి గోటితో గీశాడు. అయిదు సన్నని రేకులు, మధ్యలో చిన్న గొట్టం. ఒకటి పక్కకు వాలింది, ఒకటి బోర్లా పడింది, ఒకటి సగం విరిగింది. అలా గీస్తూ పోయాడు. చెయ్యి ఆగలేదు. ఉన్నట్టుండి సున్నం ఘాటును చీల్చుకుంటూ ఒక చేదుతీపి వాసన లేచింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక తేనెటీగ, ఝుమ్మంటూ వచ్చి నేల మీది పువ్వు మీద వాలింది.

గుహోదరి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు కోట కంపించింది.

"ఎవడది?" పై బురుజు నుంచి పిడుగులాంటి కేక వినిపించింది. "నా కోటలో పువ్వు వాసన తెచ్చినవాడెవడు?"

సారంగుడు కావడి ఎత్తుకుని లోపలికి పరుగు తీశాడు. దాగడానికి కాదు, స్ఫటికపు గోడ దగ్గరికి. ఇప్పుడు గీయకపోతే ఇంకెప్పుడూ గీయలేనని అతనికి తెలిసిపోయింది. శుష్కనేత్రుడు బురుజు మీంచి చెయ్యి విదిలించాడు. ఇన్నాళ్ళూ సారంగుడు కొట్టిన వెల్ల అంతా గోడల నుంచి పెచ్చులు పెచ్చులుగా ఊడి, ఒక్కో పెచ్చు ఒక్కో తెల్లతాచై పడగవిప్పింది. నడవా నిండా పాములు. వెనక పాములు, ముందు పాములు. సారంగుడు పొడిసున్నం కుండను వాటి మధ్యకు విసిరికొట్టి, దాని మీద నీళ్ళకుండ బద్దలు కొట్టాడు. సున్నం బుసబుసమని పొంగి ఉడికింది. వేడి ఆవిరి నడవాను కమ్మేసింది. ఆ ఆవిరిలో తాచులు మెలికలు తిరిగి మళ్ళీ సున్నపు ముద్దలై పడిపోయాయి. చేతులు బొబ్బలెక్కినా లెక్కచేయకుండా అతను ఆ ముద్దలను తొక్కుకుంటూ ముంగిట్లోకి ఉరికాడు.

నడుముకు దోపుకున్న రంగుపొట్లాలు విప్పాడు. మంజిష్ఠ, నీలి, పసుపు. నీళ్ళు లేవు. పరుగులో చిట్లిన మోకాలి నుంచి కారుతున్న నెత్తురులోనే మంజిష్ఠ కలిపాడు. గురువు ఎత్తిన చేతికి పక్కనే, ఖాళీగా ఉన్న చోట మొదలుపెట్టాడు.

అమ్మ మొహం గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా రాలేదు. ఇక దాని జోలికి పోకుండా, తనకు తెలిసినంత వరకే గీశాడు. అటు తిరిగి వంగిన వీపు. మోచేతుల దాకా నీలి. ఎర్రబట్ట కొసను రెండు చేతులతో పట్టుకుని దులుపుతున్న ఊపు. జుట్టులో చిక్కుకున్న రెండు మూడు పువ్వులు. అవి అక్కడున్నాయని ఆమెకు తెలియదు. బట్ట మీంచి లేచి ఇంకా నేలకు చేరని పువ్వులు.

వెనక నుంచి మాంత్రికుడి అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. అంతలో ఇంకో చప్పుడు, బండలు దొర్లుతున్నట్టు. గుహోదరి గుమ్మం వదిలి వచ్చేసింది. నడవాకు అడ్డంగా చేతులు బారచాచి నిలబడింది.

"తప్పుకో గుహోదరీ! శాపం మరిచావా?" అని అరిచాడు శుష్కనేత్రుడు.

"గేపకముందయ్యా. కాళ్ళు అప్పుడే మొద్దుబారతన్నయ్యి. అయినా తప్పుకోను. అమ్మా అన్నాడు నన్ను. బిడ్డ బొమ్మేసుకుంటన్నాడు, కాసేపు ఆగు."

ఆమె పాదాలు రాయి అయ్యాయి. మోకాళ్ళు రాయి అయ్యాయి. శుష్కనేత్రుడు గాలిగా మారి ఆమె చంకకింద నుంచి దూరబోతే, ఆ గాలిని పిడికిట్లో పట్టి నేలకేసి కొట్టింది. వాడు పొగగా మారితే నోరు తెరిచి పొగను పీల్చి, దగ్గుతూ బయటికి ఉమ్మింది.

సారంగుడు ఆఖరి పువ్వు గీశాడు. అది నేల మీద బోర్లా పడి ఉంది. దాని కింద చిన్న నీడ పెట్టాడు, ఆ కోటలో ఎక్కడా లేని నీడ.

స్ఫటికం చిట్లింది. అమ్మ వీపు పక్కగా సన్నని చీలిక ఏర్పడి, అందులోంచి వెచ్చని గాలి అతని మొహానికి కొట్టింది. అతను చీలికలోకి చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి, "అమ్మా! రా! చెయ్యందుకో!" అని కేక వేశాడు.

గుహోదరికి నడుము దాకా రాయి. ఆమె తల అడ్డంగా ఊపి, ఇంకా మిగిలి ఉన్న చేతిని చాపి, ఆ పెద్ద అరచేత్తో అతని వీపు మీద ఒక్క తోపు తోసింది. సారంగుడు చీలికలోంచి అవతలికి పల్టీ కొట్టాడు. చీలిక మూసుకుపోయింది.

లేచి చూస్తే మడమలు మునిగేటంత పూలు. ఇన్నేళ్ళుగా ఒక్క రోజు కూడా గడవనివ్వకుండా ఆపేసిన వసంతం అది. లేతాకులు రాగిరంగులో మెరుస్తున్నాయి, ముట్టుకుంటే తడిగా ఉన్నాయి. పూతతో వంగిన మామిళ్ళు ఉన్నాయి, ఒక్క పిందె లేదు. పూత పిందె కావడానికి కాలం కదలాలి కదా! తేనెటీగలు తిరుగుతున్నాయి. ఎక్కడో కోయిల కూస్తోంది, ఆగి, జవాబు కోసం ఎదురుచూసి, మళ్ళీ కూస్తోంది. కనుచూపు మేర ఒక్క గుడిసె లేదు, ఒక్క మనిషి జాడ లేదు, చెట్టుకింద ఒక్క మూడురాళ్ళ పొయ్యి లేదు. ఇంత అందం ఇన్నేళ్ళుగా ఎవరూ చూడకుండా పూసి, ఎవరూ చూడకుండా రాలుతోంది.

సారంగుడు స్ఫటికానికి చెంప ఆనించాడు. అవతల పెద్ద ఆకారం ఒకటి కదలకుండా నిలబడి ఉంది. చెయ్యి ఇంకా చాచే ఉంది.

"అమ్మా, వినబడుతోందా?" అని పిలిచాడు. జవాబు లేదు. అయినా చెప్పాడు. లేతాకులు పసిబిడ్డ చెవుల్లా ఎండకు ఎర్రగా కనిపిస్తున్నాయని చెప్పాడు. ఒక ఉడుత తోక నిండా పుప్పొడి పూసుకుని పరుగెడుతోందని, దాని వెనక తుమ్మెద పడిందని చెప్పాడు.

అవతల నుంచి శుష్కనేత్రుడి మాట మాత్రం మెత్తగా వచ్చింది. "గెలిచావు చిత్రకారుడా! ఇక అదంతా నీదే. నీకు ఆకలి ఉండదు, ముసలితనం ఉండదు. ఎంత కావాలంటే అంత చూసుకో, ఎంత కావాలంటే అంత గీసుకో. ఎవరూ నిన్ను కదిలించరు."

"గీసి ఎవరికి చూపించను?" అని అరిచాడు సారంగుడు.

అవతల నుంచి నవ్వు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

అతను కళ్ళు తుడుచుకుని చుట్టూ తిరిగాడు. గోడ వెంబడే నడిచాడు. ఎక్కడా తలుపు లేదు. పూలపొదల అడుగున నీళ్ళ చప్పుడు వినిపించి, కొమ్మలు చీల్చుకుంటూ పోయి చూశాడు. ఒక ఏరు. కొండ అంచు దాకా ఉరుకుతూ పోయి, అక్కడ ఒక నల్లని పలకబండకు కొట్టుకుని సుడి తిరుగుతోంది. బండ కింద బెత్తెడు సందు ఉంది. సుడిలో తిరిగే పూలలో ఒకటీ అరా ఆ సందులో దూరి మాయమవుతున్నాయి. బండ మీద శుష్కనేత్రుడి ముద్ర ఉంది.

సారంగుడు అది కుముదావతి వైపు కొండ అని పోల్చుకున్నాడు. కొండకు అవతల, దిగువన ఎండిపోయిన తరంగిణి ఉంది. వసంతం పోయిన ఏడే నది ఎందుకు ఎండిందో అతనికి అప్పుడర్థమైంది.

వెల్ల గీకే ఇనుపబద్ద ఇంకా నడుముకే వేలాడుతోంది. దాన్ని పళ్ళ మధ్య కరచుకుని ఏట్లోకి దూకాడు. సుడి అతన్ని గిర్రున తిప్పి బండకేసి కొట్టింది. మునిగాడు. తడుముకుంటూ సందు పట్టుకుని, బద్ద దూర్చి, కాళ్ళు రాతికి తన్నిపెట్టి ఎత్తాడు. కదల్లేదు. పైకి తేలి ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాడు. బొబ్బలు చిట్లి నీళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ మునిగాడు. ఈసారి బద్ద వంగింది, బండ అడుగున ఏదో కరకరమంది. ముద్ర మధ్యలో వెంట్రుకంత నెర్రె పడింది.

ఒడ్డున ఎక్కడో స్ఫటికం పగులుతున్న చప్పుడు. "ఆగు! ఆ బండ ముట్టుకోకు!" మాంత్రికుడి గొంతులో మెత్తదనం లేదు. గోడ పగలగొట్టుకుని లోపలికి వస్తున్నాడు.

సారంగుడు తిరిగి చూడలేదు. బండ మీద భుజం మోపి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు. నల్లపలక ఒక్కసారిగా రెండుగా విరిగింది. ఇన్నేళ్ళు ఆగిన ఏరు ఆ బిలంలోకి ఉరికి, పూలతో పాటు, ఆకులతో పాటు, తేనెపట్టులు వేలాడే కొమ్మలతో పాటు అతన్నీ కొండ కడుపులోకి లాక్కుపోయింది. వెలుతురు పోయింది. చేతికి అందిన కొమ్మను సారంగుడు రెండు చేతులతో వాటేసుకుని, దిగువకు, ఎండిన తరంగిణి వైపు, చీకట్లోకి కొట్టుకుపోయాడు.